కుందేలుకి వాయనం

మా కుందేలు ముత్తైదువ. ఈ మాట మొదట అన్నది నేనే, అదీ నవ్వుతాలుకి. ఆ మాట మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టెక్కి అన్ని అంతస్తులూ తిరిగి, పసుపూ కుంకుమా పట్టుకుని మళ్ళీ నా గుమ్మంలోకే వచ్చి నిలబడింది.

నేనుండేది బెజవాడ పటమటలో, మొదటి అంతస్తులో. మంగళగిరి నుంచి చీరలు తెచ్చి ఇంట్లోనే అమ్మేదాన్ని. మడత విప్పిన ప్రతి చీరకీ ఓ కథ చెప్పకపోతే నా నోరు ఊరుకునేది కాదు. ఒకసారి ఓ ఆకుపచ్చ చీర చూపిస్తూ, దీన్ని నేసినతను పెళ్ళిచూపులకి వెళ్ళి, పిల్ల కట్టుకున్న చీర అంచు బాగాలేదని లేచొచ్చేశాడనీ, మనసు ఒప్పక తనే ఒక మంచి అంచు నేసి పంపించి ఆ పిల్లనే చేసుకున్నాడనీ చెప్పాను. విన్నావిడ ఆ చీర కొంది. తరవాతేమైందో వినడానికి ఇంకోసారి వచ్చి ఇంకో చీర కొంది. ఆ చీరకి నేను వాళ్ళకి కవలల్ని పుట్టించాను. అసలు నేసినవాళ్ళు వింటే మగ్గం గుంటలోంచి లేవకుండా నవ్వేవాళ్ళు.

మా ఆయన పోయాక కూడా ఆ చీరల మూలానే ఇంట్లో నలుగురు మసిలేవాళ్ళు. హాల్లో జంపఖానా పరిచి ఉండేది. కొనేవాళ్ళు ఒకరైతే కబుర్లకి కూచునేవాళ్ళు ముగ్గురు. తరవాత తరవాత అందరూ ఫోన్లలో చూసుకోవడం మొదలెట్టారు. ఫోన్లో చీర నచ్చకపోతే వేలితో పక్కకి తోసేయొచ్చు. నన్నలా తోసెయ్యడం కుదరదని కాబోలు, రావడమే మానేశారు. జంపఖానా చుట్టి బీరువా మీద పెట్టేశాను. టీవీలో వార్తలు చదివే అమ్మాయితో మాట్లాడ్డం అలవాటు చేసుకున్నాను. ఆ అమ్మాయి నాకంటే పెద్ద పెద్ద కథలు చెప్తుంది గానీ, మధ్యలో మనం ఏమన్నా అడిగితే ఆగదు.

అలాంటి రోజుల్లో కుందేలు వచ్చింది. మూడో అంతస్తులో అద్దెకున్నవాళ్ళు తిరుపతి వెళ్ళిపోతూ తెచ్చిచ్చారు.

"అక్కడ ఇల్లు కుదిరేదాకా ఉంచుకోండి ఆంటీ. క్యారెట్ అంటే ప్రాణం దీనికి. బిస్కెట్ కూడా తింటుంది" అంది వాళ్ళమ్మాయి.

వాళ్ళకి ఇల్లు కుదిరింది. ఆ ఇంట్లో కుందేలు కుదరలేదు. ఫోన్ చేసినప్పుడల్లా "బాగుందా ఆంటీ" అని అడిగేవాళ్ళు, అది నా కడుపున పుట్టినట్టు. తరవాత అడగడం కూడా మానేశారు. సరే, ఇక నాదే అనుకున్నాను.

తెల్లటి కుందేలు. చెవుల లోపల లేత గులాబీ రంగు. నేను వంటింట్లోకి వెళ్తే వెనకే వచ్చేది, హాల్లోకి వస్తే హాల్లోకి వచ్చేది. నోరు లేని జీవి, చెవులు మాత్రం ఇంతింత. నా కథలకి ఇంతకంటే ఏం కావాలి? నేను చెప్తుంటే ముక్కు అదే పనిగా ఆడించేది. నమ్ముతోందో ఎగతాళి చేస్తోందో తెలిసేది కాదు. ఆ అనుమానం కూడా మనుషుల్తో ఉన్నట్టే ఉండేది.

దానికేం పెట్టాలో నాకు తెలియదు. తెలియకపోయినా పెట్టకుండా ఉండడం నాకు చేతకాదు. మారు వడ్డించకుండా మనిషిని లేపడం మా కృష్ణా జిల్లా చేతులకి రాని విద్య. పొద్దున క్యారెట్ ముక్కలు, పదిగంటలకి బ్రెడ్డు, మధ్యాహ్నం నాతోపాటు పెరుగన్నం, సాయంత్రం టీలోకి బిస్కెట్. అదేమో ప్రతిదీ సగం తిని సగం వదిలేసేది. కడుపు నిండి వదిలేసేదని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం దానికి వేరే కారణం కనిపెట్టాను.

కనిపెట్టింది రెండో అంతస్తావిడ కోసం. ఆవిడ నాకంటే పదేళ్ళు చిన్న. మొగుడికి విశాఖపట్నంలో ఉద్యోగం. అత్తగారితో, చదువుకునే పిల్లలతో ఈవిడ ఇక్కడ. ఆయన్ని బెజవాడకి బదిలీ చేయించుకోడానికి ఏళ్ళ తరబడి తిరుగుతున్నారు. ఒకరోజు కింద నీళ్ళు రావడం లేదేమో కనుక్కుందామని నా గుమ్మంలోకి వచ్చి, అరటిపండు సగం తిని పక్కకి జరిగిన కుందేల్ని చూసింది.

"అదేంటండీ, సగం వదిలేసింది?"

"అంతేనమ్మా. మంగళగిరి కొండ కింద పుట్టింది. కొండ మీద స్వామి సగం పానకం తాగి సగం మనకి వదలడూ? అక్కడ గాలి పీల్చిన దేనికైనా అదే బుద్ధి. మనసులో ఏదన్నా అనుకుని దీనికి పెట్టి చూడు. సగం వదిలిందంటే పని అయినట్టే."

"ఊరుకోండి, మీరు మరీను" అని నవ్వేసి వెళ్ళిపోయింది. మర్నాడు ఆపిల్ ముక్కలు చిన్న స్టీలు గిన్నెలో పెట్టి, పైన మూతపెట్టి తీసుకొచ్చింది. ఏమనుకుని పెట్టిందో నేనడగలేదు. కుందేలు సగం తిని సగం వదిలింది.

కొన్నాళ్ళకి వాళ్ళాయనకి బదిలీ అయింది. బెజవాడకి కాదు, రాజమండ్రికి.

"సగం దూరం వచ్చాడు చూశావా" అన్నాను.

నిజంగా సగం దూరమే. ఆవిడ నోరు తెరుచుకుని కుందేలు వైపు చూసింది. నాక్కూడా కాస్త భయమేసింది. నేను అబద్ధాలు చెప్పడం మామూలే గానీ, అవి నిజమవడం అప్పటిదాకా ఎరగను.

ఇంక చూసుకోండి. వీసా ఇంటర్వ్యూ ఉన్నవాళ్ళూ, పరీక్షలు రాసేవాళ్ళూ, ఫ్లాటుకి లోను రానివాళ్ళూ, మోకాళ్ళ నొప్పులవాళ్ళూ, తలా ఒక గిన్నెతో దిగారు. నేను మళ్ళీ జంపఖానా పరిచాను. వచ్చినవాళ్ళు కుందేలుకి పెట్టి, సగం వదిలేదాకా కూచునేవాళ్ళు. ఆ కాసేపూ నా కథలు. టీవీ మీద గుడ్డ కప్పేశాను.

ఇంతలో శ్రావణమాసం వచ్చింది.

మా వైపు శ్రావణమాసమంటే మంగళవారాలూ శుక్రవారాలూ ఆడవాళ్ళు ఒకళ్ళింటికొకళ్ళు పేరంటాలకి తిరుగుతారు. కాళ్ళకి పసుపు రాసి, బొట్టు పెట్టి, నానబెట్టిన శనగలూ తాంబూలమూ వాయనమిస్తారు. మా ఆయన ఉన్నన్నాళ్ళూ నేనూ కొంగు నిండా శనగలు మోసుకొచ్చినదాన్నే. ఆయన పోయాక నన్ను పిలవరు. దీనికి ఎవరినీ ఏమీ అనలేను. వద్దని ఎవరూ అనలేదు, రమ్మని ఎవరూ అనలేదు, అంతే. శుక్రవారం సాయంత్రం మెట్ల మీద పట్టుచీరల చప్పుడు పైకి వెళ్తుంటుంది, నా తలుపు దగ్గర మాత్రం కాస్త మెల్లగా వెళ్తుంది. ఆ మెల్లగా వెళ్ళడమే నాకు బాగుండదు. గలగలా మాట్లాడుకుంటూ వెళ్ళిపోతే నయం.

ఆ ఏడు మొదటి శుక్రవారం, పేరంటాలన్నీ తిరిగొచ్చి రెండో అంతస్తావిడ నా తలుపు కొట్టింది. చేతిలో శనగల సంచీ.

"ఇంట్లో బిందెడున్నాయండీ. గుగ్గిళ్ళు చేస్తే పిల్లలు పారిపోతున్నారు. కుందేలుకి పెట్టొచ్చా?"

"పెట్టకూడదా ఏమిటి? అయితే ఊరికే పెట్టకు. వాయనమియ్యి. అది ముత్తైదువ."

"ఆడదా అండీ?"

"మరి?"

"మొగుడేడండీ?"

"చంద్రుడిలో ఉన్నాడమ్మా. పౌర్ణమినాడు చూడు, చెవులు కనపడతాయి. పై ఊళ్ళో ఉద్యోగం, మీ ఆయన్లాగే."

ఆవిడ పకపకా నవ్వి, నవ్వు ఆపుకుంటూనే నా పూజగదిలోంచి కుంకుమ భరిణె తెచ్చి, కుందేలు నుదుటి మీద అంత బొట్టు పెట్టింది. శనగలు ముందు పోసి "ఇస్తినమ్మ వాయనం" అంది. దానికి నోరు లేదు గనక నేనే గొంతు సన్నగా చేసి "పుచ్చుకుంటినమ్మ వాయనం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చి ఎన్నేళ్ళయిందో. ఆవిడా గమనించినట్టుంది. భరిణెకి మూత పెట్టింది. తరవాత ఆవిడ మళ్ళీ "ఇస్తినమ్మ వాయనం" అంది, మూడుసార్లనాలి కదా.

వరలక్ష్మీ వ్రతం నాటికి సంగతి అపార్ట్‌మెంటంతా పాకింది. ఆ సాయంత్రం నా హాలు నిండిపోయింది. దాని ముందుకాళ్ళకి పసుపు రాశారు. మెడకి గంధం పూశారు. ఎవరో చిన్న జాకెట్టు ముక్క కూడా కప్పారు. నేను దాని తరఫున పుచ్చుకుని పుచ్చుకుని గొంతు బొంగురుపోయింది. అదీ ఆ రోజెందుకో సగం వదలకుండా, ఎవరు పోసినవి వాళ్ళవి నమిలింది. చెంపలు పక్కకి ఆడిస్తూ, కిళ్ళీ వేసుకున్న పెద్దముత్తైదువలా నమిలింది. వచ్చినవాళ్ళు దాన్ని చూస్తున్నారు, నేను వచ్చినవాళ్ళని చూస్తున్నాను.

మర్నాడు పొద్దున చీపురు పట్టుకుంటే ఊడ్చడానికేమీ లేదు.

కుందేలున్న ఇంట్లో పొద్దున్నే ఊడ్చేది దాని లద్దెలే. పెసల కంటే పెద్దవి, శనగల కంటే చిన్నవి, ఎండి గుండ్రంగా, అసహ్యం లేకుండా ఉంటాయి. అవి లేవు. అది బీరువా కింద మూలకి ఒదిగి, వీపు గుండ్రంగా పెట్టుకుని కూచుంది. పిలిస్తే రాలేదు. క్యారెట్ చూపిస్తే మొహం తిప్పుకుంది. చెవులు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. పొట్ట గట్టిగా, బిగించిన మృదంగంలా ఉంది.

చీరల సంచీలో పెట్టుకుని ఆటోలో పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసుది. కుందేల్ని బల్ల మీద పెట్టుకుని పొట్ట నొక్కి చూస్తూ, "ఏం పెడుతున్నారండీ?" అనడిగింది.

"అది మంగళగిరి కొండ కింద పుట్టిందండీ. దానికి..."

"కథ తరవాత చెప్దురుగానిలెండి. నిన్నేం తింది?"

"శనగలు."

"ఎన్ని?"

"వ్రతం కదండీ" అన్నాను.

ఆ అమ్మాయి దాని నుదుటి బొట్టూ పసుపు కాళ్ళూ చూసింది. ఇంజెక్షన్లు చేసింది, గ్యాసు పోవడానికి చుక్కల మందిచ్చింది, సూది తీసేసిన సిరంజితో కొంచెం కొంచెంగా జావలాంటిది ఎలా తాగించాలో చూపించింది. తరవాత కూచోబెట్టి చెప్పింది. కుందేలు కడుపు ఆగకుండా తిరిగే మరలాంటిదట. లోపలికి పీచు పోతూనే ఉండాలి, ఆగిందంటే ప్రాణం మీదికొస్తుంది. దాని పళ్ళు కూడా పెరుగుతూనే ఉంటాయి, గడ్డి నమిలితేనే అరుగుతాయి. అందుకని పొద్దస్తమానం దాని ముందు గడ్డి ఉండాలి, దాని ఒంటికి సమానంగా ఓ కుప్ప. దాంతోపాటు ఓ గుప్పెడు ఆకులు, కొత్తిమీరో పుదీనానో ముల్లంగి ఆకులో, కడిగినవి. ఎప్పుడూ మంచినీళ్ళు. క్యారెట్టూ పండూ మనకి మిఠాయి లాంటివి, ఎప్పుడన్నా ఒక ముక్క. బ్రెడ్డు, బిస్కెట్, అన్నం, పప్పులూ శనగలూ అసలు వద్దు.

"వరిగడ్డి పెట్టనా? మా వైపు దానికి కరువు లేదు" అన్నాను.

"నమలడానికి పనికొస్తుంది గానీ అందులో బలముండదండీ. గరిక దొరికితే మంచిది. మందు కొట్టని చోటిది చూసుకోండి." సంచీలో పెట్టబోతూ అంది, "అన్నట్టు ఇది మగది. తెలుసు కదా?"

"తెలుసండీ" అన్నాను.

ఇంటికొచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూచున్నాను. డాక్టరమ్మ చెప్పినట్టు పొట్ట మెల్లగా నిమురుతూ, మధ్యమధ్య జావ పట్టిస్తూ. చేతులు పని చేస్తుంటే నోరు ఊరుకోదు గనక కథ మొదలెట్టాను, చంద్రుడిలో ఉన్న కుందేలు కథ. అక్కడ గడ్డి మొలవదనీ, పైనుంచి మన డెల్టా పచ్చగా కనపడుతుంటే దానికి నోరూరుతుంటుందనీ. సగంలో ఆపేశాను. అది ముక్కు ఆడించడం లేదు. ఎదుటివాళ్ళు వింటున్నారో లేదో తెలియకుండా కథ చెప్పడం నాకు కొత్త కాదు, టీవీతో అలవాటే. కానీ ఒళ్ళో చెవులు చల్లబడిపోతుంటే చెప్పడం వేరు.

ఇది పోతే ఇక ఎవరూ రారు అనుకున్నాను ముందు. సిగ్గు లేకుండా ఆ ఆలోచనే ముందు వచ్చింది. ఇంకాసేపు అలా కూచున్నాక, ఎవరూ రాకపోతే పోనీ, ఇది ఉంటే చాలు అనిపించింది. ఈ రెండో ఆలోచన ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. వచ్చాక మాత్రం కదల్లేదు.

మర్నాడు పొద్దున బీరువా దగ్గర నల్లపూసంత లద్దె ఒకటి కనిపించింది. వంగి చేతిలోకి తీసుకున్నాను. నవ్వుకోండి, నాకు ముత్యం దొరికినట్టే ఉంది. ఎవరికన్నా చెబుదామని ఫోన్ తీసుకున్నాను. పేర్లన్నీ పైకీ కిందికీ తోశాను. ఈ సంతోషం అర్థమయ్యేవాళ్ళు ఆ ఫోన్లో ఎవరూ దొరకలేదు. కుందేలుకే చెప్పాను.

ముల్లంగి ఆకులు రైతుబజారులోనే దొరికాయి. కొనేవాళ్ళందరూ దుంపలు తీసుకుని ఆకులు తుంచి పారేస్తారు. నేను ఏరుకుంటుంటే కూరలమ్మే అతను "ఆవుందా అమ్మా?" అనడిగాడు. "ఏనుగుంది. మొదటి అంతస్తులో" అన్నాను. అప్పటినుంచి నాకోసం ఒక కట్ట పక్కన పెడుతున్నాడు, ఏనుగు కులాసాయేనా అని అడుగుతున్నాడు.

గరిక కోసం బస్సెక్కి పామర్రు దగ్గర మా తమ్ముడింటికి వెళ్ళాను. కబురు విని వాడు కుర్చీలోంచి లేవలేదు.

"అక్కయ్యా, మన గేదెలమ్మేసి ఎన్నాళ్ళయింది? ఇప్పుడొచ్చావా గడ్డి కోతకి?"

"గేదెలకైతే నువ్వు కోసేవాడివి. కుందేలుకి కాబట్టి నేనే కోసుకుంటాను. కొడవలియ్యి."

"నీ నడుం పట్టుకుంటే బస్తాతోపాటు నిన్నూ మొయ్యాలి నేను" అంటూనే వెంట వచ్చాడు. చేలగట్లన్నిటి మీదా కలుపు మందు కొట్టారట. దూరంగా పంటకాలవ మలుపులో ఎవరూ కొట్టని చోటు చూపించి, చివరికి తనే కోసి పెట్టాడు. భోంచేసి వెళ్ళమని మరదలు పట్టుబట్టింది. రెండో మారు వడ్డిస్తుంటే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాను. జన్మలో మొదటిసారి.

ఇంటికొచ్చి గరిక కడిగి, చీరలు పరిచే జంపఖానా మీద పల్చగా పరిచి ఆరబెట్టాను. ఇల్లంతా కాలవగట్టు వాసన. కుందేలు అంచుకి వచ్చి ఒక పరక పట్టుకుంది. పరక దాని నోట్లోకి పొట్టిగా, ఇంకా పొట్టిగా జారిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మంగళవారం తలుపు చప్పుడైంది. నలుగురు, నాలుగు శనగల గిన్నెలు. పుచ్చుకుని పక్కన పారబోద్దామంటే కుదరదు. వాళ్ళొచ్చేది అది తినడం చూడ్డానికే. నాకు వచ్చిన విద్యే వాడాను.

"ఇవాళ ఉపవాసమమ్మా దానికి. మొగుడి కోసం."

నలుగురూ చెంపలు వాయించుకున్నంత పని చేశారు. వెనక్కి వెళ్ళి అరగంటలో మళ్ళీ వచ్చారు. ఉపవాసముంటే పళ్ళు తినొచ్చు కదా అని అరటిపళ్ళు, ఖర్జూరాలు, ఒకావిడ పాలు. నా అబద్ధానికి నేనే వడ్డన తెచ్చిపెట్టుకున్నాను. అందులో ఒకావిడ అరటిపండు ఒలిచి వంగుతుంటే చెయ్యి పట్టుకున్నాను.

"వద్దమ్మా. మొన్నటి శనగలకి చావు తప్పింది దానికి. అది కొండ కింద పుట్టలేదు. కడుపు నిండి సగం వదిలేసేది, అంతే. దాని తిండి గడ్డి. మన దూడల్లాగే, గడ్డీ ఆకులూ నీళ్ళూ. ఇంకేమీ పెట్టకూడదు."

అంత పొడి మాట నా నోట్లోంచి అంతకు ముందు రాలేదు. మగదన్న సంగతి మాత్రం మింగేశాను, అన్నీ ఒక్కరోజే చెప్పెయ్యడం ఎందుకని. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. "అయ్యో పాపం, తెలియక పెట్టామండీ" అన్నారు. గిన్నెల మీద మూతలు పెట్టుకున్నారు. కాసేపు కూచోమన్నాను. "మళ్ళీ వస్తామండీ" అన్నారు.

రాలేదు. కోపంతో కాదు, నాకు తెలుసు. లిఫ్టులో కనపడితే నవ్వుతారు, కుందేలెలా ఉందని అడుగుతారు. కానీ శ్రావణమాసంలో ఒకళ్ళ గుమ్మం వట్టి చేతుల్తో ఎవరూ తొక్కరు. అలాగని ఎవరింటికైనా గడ్డి పట్టుకెళ్తారా? ఆ శుక్రవారం పట్టుచీరలు నా తలుపు దగ్గర మళ్ళీ మెల్లగా నడిచాయి.

నా రోజు మాత్రం ఒక తీరుకి వచ్చింది. పొద్దున లేచి లద్దెలు చూసి, ఊడ్చి, నీళ్ళు మార్చి, గడ్డి కుప్ప పోస్తాను. సాయంత్రం ఆకులు కడిగి పెడతాను. మధ్యలో అది నములుతుంటుంది. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో ఆ నమిలే చప్పుడు, దూరంగా ఎవరో పాత కాగితాలు సర్దుతున్నట్టు, పొద్దుగూకేదాకా వినపడుతుంది.

శ్రావణంలో ఆఖరి శుక్రవారం మధ్యాహ్నం రెండో అంతస్తావిడ వచ్చింది. చేతిలో టిఫిన్ క్యారేజీ. కాదనడానికి మళ్ళీ మాటలు వెతుక్కోవాలి కదా అనుకున్నాను.

"ఏమీ పెట్టకూడదమ్మా దానికి, చెప్పాను కదా."

"తలుపు వేయండి ముందు" అంది. లోపలికొచ్చి క్యారేజీ విప్పింది. పై గిన్నెలో గరిక. శుభ్రంగా కడిగి, సమంగా కత్తిరించి పెట్టింది. రెండో గిన్నెలోనూ గరికే.

"క్యారేజీలో ఎందుకమ్మా?"

"గడ్డి పట్టుకుని మెట్లు దిగుతుంటే మా అత్తగారు చూస్తే ఏమంటుందండీ? భోజనం తీసుకెళ్తున్నాననుకుంది." కూచుని, "మావాళ్ళ ఊరి నుంచి తెప్పించాను. మందు కొట్టలేదట, రెండుసార్లు అడిగాను" అంది.

కుంకుమ తీసి కుందేలు నుదుట పెట్టింది. గరిక ముందు పెట్టి "ఇస్తినమ్మ వాయనం" అంది. కొండ కథ అబద్ధమని చెప్పేశాక ఇంకా దాని గొంతుతో ఏం మాట్లాడను?

"పుచ్చుకోరేంటండీ?"

"అవన్నీ నేను కల్పించినవని చెప్పాను కదమ్మా."

"మాకు తెలియదేంటి? మంగళగిరిలో కుందేళ్ళెక్కడివండీ? మూడో అంతస్తువాళ్ళది అది."

"మరి రోజూ ఎందుకొచ్చేవారు?"

ఆవిడ గరిక పరక ఒకటి తీసి వేలికి చుట్టుకుంది. "మా ఇంట్లో పేరంటానికి మిమ్మల్ని పిలుద్దామంటే మా అత్తగారు... మీకు తెలియనిదేముంది. అందుకని ఇటొచ్చేదాన్ని. శనగలు పెట్టొద్దన్నాక ఏమని రావాలండీ?"

నాకు తోచిన జవాబులన్నీ కథల్లోవే. "ఇస్తినమ్మ వాయనం" అంది మళ్ళీ. ఈసారి పుచ్చుకున్నాను. గొంతు సన్నగా చెయ్యలేదు, నా గొంతుతోనే.

కుందేలు మొత్తం తినేసింది. ఒక్క పరక మిగల్లేదు.

"సగం వదల్లేదే" అంది ఆవిడ, నా మొహంలోకి చూస్తూ. అబద్ధమని తెలిసినా ఆ చూపులో రాజమండ్రి ఉంది.

నా నోరు ఊరుకుంటుందా. "మొత్తం తింటే మొత్తం దూరం వస్తాడమ్మా" అన్నాను.

నవ్వుతూ లేచింది. సాయంత్రం వాళ్ళింట్లో పేరంటం, ఇంకా శనగల్లో ఉప్పు కలపలేదట. క్యారేజీ ఇక్కడే ఉంచుతానంది, మళ్ళీ రావడానికి ఒక పని ఉండాలి కదా అని. నేను తలుపు దాకా వెళ్ళాను.

చీకటి పడుతుండగా మెట్ల మీద పట్టుచీరలు పైకి వెళ్ళాయి. పైనుంచి హారతి పాట వినిపించింది, ఎవరో ఒకచోట మర్చిపోతే ఇంకెవరో అందుకున్నారు. తరవాత నవ్వులు. నేను జంపఖానా మీద కొత్త గడ్డి పోసి, క్యారేజీ గిన్నెలు కడిగి బోర్లించి, కుందేలు పక్కన కూచున్నాను. చంద్రుడి కథ ఆ రోజు సగంలో ఆపేశాను కదా, మిగతాది చెప్పడం మొదలెట్టాను. అది నములుతూ ముక్కు ఆడించింది.

పైన శనగలు పంచుతున్నట్టున్నారు, గిన్నెల చప్పుడు.